మా వదిన రాడ్డు పట్టుకోదు

మా వదినతో కలిసి బస్సెక్కితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా కూర్చోదు. పోనీ, అందరిలా పైనున్న రాడ్డు పట్టుకుని నిలబడుతుందా అంటే అదీ లేదు. చెప్పులు విడిచి పక్కన పెట్టి, బస్సుకు సరిగ్గా మధ్యలో, కాళ్ళు కాస్త ఎడంగా వేసి, చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఎవరైనా పెద్దావిడ జాలిపడి "ఇలా రామ్మా, కూర్చో" అని జరిగితే, "పర్లేదండీ, పనిలో ఉన్నాను" అంటుంది. ఆ మాట వినబడగానే మా అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తాడు, ఆవిడెవరో తనకు తెలియనట్టు.

పనిలో ఉన్నానంటే నిజంగానే పనిలో ఉందని అర్థం. మా ఊరి బస్సు డిపోలో కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చేది మా వదినే. అదే డిపోలో నేను కండక్టర్ని. డ్రైవర్ ఉద్యోగానికి వచ్చినవాళ్ళలో ఎవరిని రూటు మీదికి పంపాలో, ఎవరిని ఇంటికి పంపాలో ఆవిడ కాళ్ళు చెబుతాయి. బండి నడుస్తుండగా నిలబడిన చోటు నుంచి అడుగు కదపాల్సి వచ్చిందంటే ఆ డ్రైవర్‌కి ఒక తప్పు పడినట్టు. తూలి ఎవరి ఒళ్ళోనో పడితే ఇక చెప్పేదేముంది. సెలవు రోజున కూడా ఈ పరీక్ష ఆగదు. చుట్టాలింటికి వెళ్తూ బస్సు దిగగానే, "మూడో గేరు దగ్గర తొందరపడుతున్నాడు కానీ చెయ్యి మంచిదే" అంటుంది. ఎవరడిగారు ఈవిడని?

ఈ విద్య ఆవిడకు ఊరికే రాలేదు. వదిన మొదట్లో నాలాగే కండక్టర్. పెళ్ళైన కొత్తలో ఒక మహానుభావుడు వేసిన బ్రేకుకి ఆవిడ టికెట్ల సంచీతో సహా ముందుకు ఎగిరి, సీటు కడ్డీకి మూతి కొట్టుకుంది. ముందు పన్ను సగం విరిగింది. ఇంటికొచ్చి ఏడుస్తుందేమోనని మేమంతా కాచుకుని కూర్చుంటే, మూతి మీద తడిగుడ్డ అదుముకుంటూనే, "రేపట్నుంచి నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నా" అని అన్నయ్యతో చెప్పింది. అడగలేదు, చెప్పింది. నేర్చుకుంది, ఏళ్ళ తరబడి నడిపింది, ఆ తర్వాత శిక్షణలోకి వచ్చింది. పన్ను కట్టించుకోమని మా అమ్మ ఎంత పోరినా వినలేదు. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు పెదవి పైకి లాగి ఆ సగం పన్ను చూపిస్తుంది. "బ్రేకు గురించి నేను చెప్పాల్సింది ఇంతే" అంటుంది. వాళ్ళు నవ్వాలో వద్దో తెలియక బిగుసుకుపోతారు.

ఎవరూ పట్టించుకోని మనుషుల్ని ఎక్కణ్ణుంచో పట్టుకురావడం ఆవిడకో పిచ్చి. సామాన్లు మోసే ఆటో నడుపుకునే మనిషి ఒకడు నిలువెత్తు అద్దమున్న బీరువాని సందులోంచి అద్దం కదలకుండా తీసుకుపోతుంటే చూసి, కూరగాయల సంచీ నా చేతిలో పడేసి అతని వెంట పరిగెత్తింది. ఇవాళ ఘాట్ రోడ్డు మీద మా డిపో పరువు నిలబెడుతున్నది అతనే. స్కూలు వ్యాను నడిపే ఒకావిణ్ణి అలాగే తెచ్చింది. ఒకసారి మాత్రం బోల్తా పడింది. వజ్రం, వజ్రం అంటూ ఒక కుర్రాణ్ణి నెత్తిన పెట్టుకుంటే, ఆ వజ్రం శిక్షణంతా ఉచితంగా పూర్తి చేసుకుని ఒక లారీ కంపెనీలో చేరిపోయింది. సందు దొరికిందే చాలని నేను ఏడాది పాటు దెప్పాను. ఆడపడుచునై పుట్టి ఆ మాత్రం చేయకపోతే ఎలా?

ఇక నత్త సంగతి.

ఒక మధ్యాహ్నం మేమంతా డిపో క్యాంటీన్లో టీ తాగుతున్నాం. బస్సులు కడిగే బాబాయి చిందులు తొక్కుతూ లోపలికొచ్చాడు. బాబాయి పెద్దవాడు, పని మంచివాడు, కాకపోతే అన్నం తినగానే ఆయనకు ప్రపంచంతో పనుండదు.

"ఎవర్రా నాతో పరాచికాలాడేది?" అన్నాడు. "అన్నం తిని, కడిగే షెడ్డులో ఆగున్న బస్సెక్కి వెనక సీట్లో కాస్త నడుం వాల్చాను. లేచి చూస్తే డీజిల్ పంపు పక్కనున్నాను. ఎవర్రా నన్ను మోసుకెళ్ళింది?"

"నిద్రలో నడిచావేమో బాబాయ్" అన్నాడు టీ పోసే మనిషి.

"నడిస్తే నేనొక్కణ్ణే నడవాలి కదరా, బస్సు కూడా నడుస్తుందా?"

క్యాంటీన్ మొత్తం కడుపుబ్బ నవ్వింది. నాకైతే టీ ముక్కులోకి పోయింది. నవ్వని మనిషి మా వదిన ఒక్కతే. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, మధ్యలో ఆ కాలవ గుంత ఉందిగా. అక్కడ కూడా మెలకువ రాలేదా?"

కడిగే షెడ్డుకీ డీజిల్ పంపుకీ మధ్య మురుగునీళ్ళు పోవడానికి తవ్విన కాలవ ఒకటి ఉంది. దాని మీద వేసిన రేకు కుంగిపోయి గుంత పడింది. అది దాటేటప్పుడు ఎంత అనుభవమున్న డ్రైవర్ నడిపినా బస్సులో అద్దాలన్నీ గలగలమంటాయి, మన నడుం మనల్ని తిట్టుకుంటుంది.

"ఏ గుంత?" అన్నాడు బాబాయి. "నాకేం తెలియలేదమ్మా."

"ఆ బండి ఎవరు తీశారు?" అని వదిన అందరి మొహాలూ చూసింది. ఒక మెకానిక్ తేలిగ్గా, "ఇంకెవరు, ఆ నత్త అయ్యుంటుంది" అన్నాడు.

నత్త అంటే మా యార్డులో బండ్లు జరిపే అమ్మాయి. రూటు నుంచి వచ్చిన బస్సుల్ని కడిగే చోటికీ, డీజిల్ పంపుకీ, చివరికి వరసలోకీ చేర్చడం ఆమె పని. డిపో గేటు దాటి బండి తీసే అధికారం లేదు. రూటు డ్రైవర్ పరీక్షకు రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ఆలస్యం చేసి తప్పింది. నత్త అనే పేరు అక్కడే పడింది. మూడోసారి తప్పితే మళ్ళీ పరీక్షకు వీల్లేదు. పైగా యార్డు పనిని బయటి కాంట్రాక్టర్‌కి ఇచ్చేయబోతున్నారని అప్పటికే కబురు వచ్చేసింది. అంటే రూటు రాకపోతే ఆ అమ్మాయికి డిపోలోనే చోటు లేదు. ఈ సంగతి అందరికీ తెలుసు. అయ్యో అన్నవాళ్ళున్నారు కానీ, ఆమె నడిపే బండిలో ఎక్కి చూసినవాళ్ళు లేరు. ఖాళీ బండిలో ఎవరెక్కుతారు?

వదిన ఎక్కింది. టీ సగంలో వదిలేసి యార్డులోకి వెళ్ళి, కదలబోతున్న బస్సు తలుపు తట్టి, చెప్పులు విడిచి మధ్యలో నిలబడింది. తమాషా చూద్దామని నేనూ వెనకాలే ఎక్కి, బుద్ధిగా రాడ్డు పట్టుకున్నాను. ఆ అమ్మాయికి వదినను చూడగానే మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనేం తప్పు చేశాను మేడమ్?"

"ఇంకా ఏం చేయలేదుగా. నీ పని నువ్వు చేసుకో."

బండి కదిలింది. కదిలిందని షెడ్డు స్తంభాలు వెనక్కి పోతుంటే తెలిసింది. గుంత వస్తోందని నేను రెండు చేతులతో రాడ్డు పట్టుకుని పళ్ళు బిగించాను. ముందు చక్రాలు మెల్లగా దిగి, మెల్లగా ఎక్కాయి. వెనక చక్రాలూ అంతే. అద్దాలు చప్పుడు చేయలేదు. వదిన పాదాల వంక చూశాను. వేళ్ళు కూడా బిగించలేదావిడ.

"వెనక్కి తీసుకుపో" అంది వదిన. "మళ్ళీ దాటించు."

మళ్ళీ దాటించింది. మళ్ళీ అంతే. వదిన మొహం చూసి నాకు విషయం అర్థమైపోయింది. కొత్త బట్టలు కొనిచ్చినప్పుడు కూడా మా అన్నయ్యకు ఆ మొహం చూసే భాగ్యం కలగలేదు.

"నీకు డ్రైవింగ్ ఎవరు నేర్పారు?"

"మా నాన్న మేడమ్. మాకు కోడిగుడ్ల వ్యాపారం. వ్యానులో కొట్లకు వేసొచ్చేవాళ్ళం. పగిలిన గుడ్లు అమ్ముడుపోవు కదా, అవే మా ఇంట్లో కూర. నేను నడపడం మొదలెట్టాక మా ఇంట్లో గుడ్డు కూరే లేదు. తమ్ముడు ఇప్పటికీ నన్ను తిడతాడు."

వదిన అప్పటికప్పుడు మేనేజర్ గదికి వెళ్ళింది. మేనేజర్ గారు చెడ్డమనిషేం కాదు. ఆయనా ఒకప్పుడు డ్రైవరే, వదిన దగ్గరే శిక్షణ పొందాడు. అప్పట్లో ఆయన బండిలో వదిన రెండుసార్లు అడుగు కదిపిందట. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు, వదిన మరవనివ్వలేదు.

"మేడమ్, ఆ అమ్మాయి మెత్తగా నడుపుతుందని నేనూ ఒప్పుకుంటాను" అన్నాడాయన. "మెత్తదనం చూసి జనం బస్సెక్కరు. టైముకి వస్తే ఎక్కుతారు. ఒక బండి ఆలస్యమైతే దాని వెనక బండ్లన్నీ ఆలస్యం. రెండుసార్లు చూశాం కదా."

"మీరు గడియారం చూశారు సార్. ఆలస్యం ఎక్కడవుతోందో చూశారా?"

"ఎక్కడైతే ఏంటండీ, అవుతోంది కదా."

"ఒక్క వారం ఇవ్వండి. నేను చూస్తాను. తను తప్పితే, మళ్ళీ ఎవర్నీ నేను వెతికి తీసుకురాను. మీరు పంపినవాళ్ళకే పాఠం చెప్పుకుంటాను."

గుమ్మం దగ్గరున్న నేను ఆ మాట విన్నాను. మనుషుల్ని ఏరుకురావడం మానేస్తే ఆవిడ దగ్గర ఇంకేం మిగులుతుంది? ఇంటికెళ్ళే దారిలో చెడామడా తిట్టాను. "ఎవరో పిల్ల కోసం నీ పట్టు మొత్తం ఎందుకు పణంగా పెట్టావ్?" అన్నాను. వదిన సందు చివర షాపులో కొబ్బరిబిస్కెట్లు కొని నాకొకటి ఇచ్చింది. "నమ్మకం లేని చోట పెట్టను కదా, కోపం ఎందుకు, తిను" అంది. నాకు ముక్కుమీద కోపమని మా రూటులో ప్రయాణికుల్ని అడిగినా చెబుతారు. బిస్కెట్టు మాత్రం తిన్నాను.

మేనేజర్ గారు ఆ వారానికి గేటు దాటే అనుమతి ఇచ్చారు. మర్నాటి నుంచి శిక్షణ. డ్యూటీ లేని సిబ్బందిని కొందరిని పోగేసి ప్రయాణికుల్లా ఎక్కిస్తూ దింపుతూ పరీక్ష రూటులోనే తిరిగాం. కండక్టర్ని నేను. జీతం లేని కండక్టర్ని, మా వదినకు ఆడపడుచునైన పాపానికి.

మొదటి రోజే వదిన దొంగను పట్టేసింది. రోడ్డు మీద ఆ అమ్మాయి నత్తేం కాదు. అందరితో సమానంగానే పోతోంది. టైము పోతున్నది స్టాపుల దగ్గర. స్టాపులో జనం ఎక్కడం అయిపోతుంది, నేను పోనిమ్మని రెండు గంటలు కొడతాను, ఆమె కదలదు. తల పైనున్న లోపలి అద్దంలోంచి వెనక్కి చూస్తూ ఉంటుంది. ఆఖరి మనిషి కూర్చుని, సంచీ సర్దుకుని, చెమట తుడుచుకునేదాకా చూసి, అప్పుడు గేరు వేస్తుంది. ప్రతి స్టాపులోనూ ఇదే తంతు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బండి ఆగగానే ముందుకెళ్ళి, "ఏమ్మా, నా గంట మీద నమ్మకం లేదా? ఇన్నేళ్ళ సర్వీసులో తప్పుడు గంట కొట్టానని ఎవరైనా చెప్పారా నీకు?" అన్నాను.

"అయ్యో, అది కాదక్కా" అంది ఆమె, కళ్ళనిండా నీళ్ళతో. "వ్యానులో గంట లేదు, యార్డులోనూ గంట లేదు. వెనక ఏముందో నేనే చూసుకోవాలి. చూడకపోతే ఏదో ఒకటి పడిపోయి పగులుతుందేమోనని నా చెయ్యి గేరు మీదికి పోదు."

నా కోపం ఎక్కడికి పోయిందో మరి. ఈ పిల్ల బండినిండా మనుషుల్ని గుడ్లలాగే మోస్తోందని అప్పుడర్థమైంది. వదిన కిటికీ ఊచకు ఆనుకుని అంతా విని, "విన్నావుగా" అంది నాతో. "తన చెయ్యి బాగానే ఉంది. గంట తన చెవికి అలవాటవ్వాలి. అది నేర్పాల్సింది నేను కాదు, నువ్వు."

అలా ఆ వారం మొత్తం శిక్షణ నా నెత్తి మీద పడింది. నేను గంట కొట్టే ముందు ఏమేం చూస్తానో ఆమెకి చెప్పడం మొదలుపెట్టాను. మెట్టు మీద కాలుందా, చేతిలో పిల్లలున్నారా, రాడ్డు అందని పొట్టివాళ్ళు ఉన్నారా, అన్నీ. ఇవన్నీ నేను చూస్తానని నాకే అంతవరకూ తెలియదు. తర్వాత ఆమెను స్టీరింగ్ దగ్గర్నుంచి లేపి, నా పక్కనే ఉండి నా పని చూడమన్నాం. బండి వదిన నడిపింది. నేను గంట కొట్టిన ప్రతిసారీ ఆ అమ్మాయి వెనక్కి తిరిగి అందర్నీ తనిఖీ చేసేది. రెండు రోజులకు తిరగడం తగ్గింది. మళ్ళీ స్టీరింగ్ దగ్గరికి పంపితే సగం స్టాపుల్లో అద్దం చూసింది, సగం స్టాపుల్లో చూడలేదు. పరీక్ష ముందు రోజు కూడా సంత స్టాపులో ఆగి అద్దంలోకి చూస్తూనే ఉండిపోయింది. రద్దీ చూస్తే ఆమెకు గుడ్లే గుర్తొస్తున్నాయి.

పరీక్ష రోజు మేనేజర్ గారు ముందు సీట్లో స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నారు. డిపో సిబ్బందితో బండి నింపారు. బాబాయిని నేనే బలవంతంగా ఎక్కించాను. ఎక్కిన మనిషి తిన్నగా వెనక సీటుకు పోయాడు. వదిన ఎప్పట్లాగే చెప్పులు విడిచి మధ్యలో నిలబడింది. నత్త వెనక్కి తిరిగి నా వంక చూసింది. నేను గంట కొట్టాను.

మొదటి స్టాపులు సాఫీగానే దాటాం. ఒక్కచోట మాత్రం అద్దంలోకి చూసి కాస్త ఆగింది. మేనేజర్ గారు వాచీ వంక చూసి పెదవి విరిచారు. ఆ మూతి విరుపుకి నాకు ఆయన్ని గిల్లాలనిపించింది. బడి ముందు ఒక తోపుడుబండి ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. మా డ్రైవరమ్మ దాన్ని ముందే చూసినట్టుంది, వేగం ఎప్పుడు తగ్గిందో మాకు తెలియలేదు. బస్సు దాటిపోయాక తోపుడుబండి మనిషి చెయ్యెత్తాడు. వదిన పాదాలు ఉన్నచోటే ఉన్నాయి.

సంత స్టాపు వచ్చింది. అక్కడ మావాళ్ళు చాలామంది దిగి మరికొందరు ఎక్కాలి. ఎక్కారు, తోసుకున్నారు, ఒకాయన సంచీ కింద పడేసి ఏరుకున్నాడు. నేను మెట్టు చూశాను, చేతులు చూశాను, అందర్నీ చూశాను. ధైర్యమంతా కూడదీసుకుని రెండు గంటలు కొట్టాను.

ఆమె తల అద్దం వైపు లేచింది. సగంలో ఆగింది. కళ్ళు రోడ్డు మీదికి దిగాయి. చెయ్యి గేరు మీదికి వెళ్ళింది. అంతమంది నిలబడి ఉన్న బస్సు ఎవరి భుజమూ ఎవరికీ తగలకుండా సంత దాటింది.

అప్పుడు మా వదిన వంగి, చెప్పులు తీసి కాళ్ళకు తొడుక్కుంది. నాలుగడుగులు వేసి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది.

నేను నోరు తెరిచేశాను. నా పెళ్ళిచూపుల నాడు కూడా, నన్ను చూడటానికి వచ్చినవాళ్ళతో బస్సులో వస్తూ కూర్చోని మనిషి ఆవిడ. మేనేజర్ గారు కూడా వెనక్కి తిరిగి చూసి, చూసింది నిజమేనా అన్నట్టు కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏంటి మేడమ్, పరీక్ష ఇంకా అవ్వలేదు" అన్నారు.

"మీది అవ్వలేదు సార్" అంది వదిన. "మీరు చూసుకోండి. నాది అయిపోయింది."

డిపో గేటు దగ్గరికి రాగానే మేనేజర్ గారు వాచీ నొక్కి, చాలాసేపు దాని వంకే చూశారు. తర్వాత లేచి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "టైముకే వచ్చావమ్మా. సోమవారం నుంచి రూటు" అన్నారు. అని, దిగబోతూ వదిన దగ్గర ఆగారు. "నా బండిలో మీరు రెండుసార్లు కదిలారు కదా మేడమ్?"

"మూడు సార్. మీరు బాధపడతారని ఒకటి చెప్పలేదు."

ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది.

అందరూ దిగుతుంటే నత్త స్టీరింగ్ వదిలి పరుగున వచ్చింది. ఆమెకు రూటు వచ్చిన సంతోషం కన్నా వేరే దిగులేదో ఉన్నట్టుంది. వదిన ముందు చేతులు నలుపుకుంటూ నిలబడింది.

"మేడమ్, నిజం చెప్పండి. ఎక్కడైనా కాలు కదిలిందా?"

"సంత దాటాక సంగతి నాకేం తెలుసు?" అంది వదిన. "నేను కూర్చున్నాగా."

ఆ అమ్మాయి నమ్మలేదు. నా వైపు చూసింది.

"అవునమ్మా" అన్నాను. "చెప్పులు కూడా వేసుకుని."

"నేను చూడలేదే!" అంది. రోజూ ప్రతి స్టాపులోనూ అద్దంలోంచి బస్సంతా వెతికిన పిల్ల, ఆ ఒక్కదాన్నీ చూడలేదు. ఆ మాట అని, మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది. నాకూ కళ్ళు తడయ్యాయి, దాచుకోను. మా వదినంటే నాకెంత గర్వమో ఆవిడకు ఏనాడూ చెప్పలేదు, ఇకముందూ చెప్పను, చెబితే నా ఆడపడుచుతనం ఏం కాను?

వదిన మాత్రం ఆమె భుజం మీద తట్టి, "ఏడుపు తర్వాత. గేటుకి అడ్డంగా ఆపావు, ముందు బండి తియ్యి" అంది.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చుంది. వదిన దిగకుండా మళ్ళీ కిటికీ పక్కనే సర్దుకుంది. వెనక సీట్లో బాబాయి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నేను ఆయన్ని లేపలేదు. మెట్టు మీద ఎవరూ లేరని చూసి, రెండు గంటలు కొట్టాను.